22, 16, 25: అమ్మ మార్కుల్లో దేన్ని నమ్మాలి?

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. ఐదో తరగతి వరకే చదువుకుంది. కంచరపాలెంలో మాతోనే ఉంటుంది. రెండేళ్ల క్రితం వరకూ మా వీధి ఆడవాళ్ల చిట్టీ లెక్కంతా నోటిమీదే నడిపేది. అల్జీమర్స్ అని చెప్పి డాక్టరు గారు డోనెపెజిల్ మొదలుపెట్టారు. ఫిబ్రవరిలో పెట్టిన జ్ఞాపకశక్తి టెస్టులో 30కి 22 వచ్చాయి. జూన్‌లో వేరే ఆసుపత్రిలో 16 వచ్చాయి. మేం హడలిపోయి అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే తేదీ, వారం, ఊరు, వాళ్లు అడిగే ఆ మూడు మాటలూ వల్లె వేయించాం. అక్టోబరులో మొదటి డాక్టరు గారి దగ్గరే 25 వచ్చాయి. బెంగళూరులో ఉన్న మా తమ్ముడు 'నయమవుతోంది కదక్కా, ఇంక బిళ్లలు ఎందుకు' అంటున్నాడు. నాకు మాత్రం ఇంట్లో అమ్మ తగ్గిపోతున్నట్టే ఉంది. ఎడమ చెవి సరిగా వినపడదు. నిద్ర పట్టట్లేదని మందుల షాపులో అడిగి రాత్రిపూట అల్ప్రాజోలం సగం బిళ్ల వేస్తున్నాం. మూడు కాగితాల ఫొటోలూ పంపుతున్నాను. ఏ అంకెను నమ్మాలి? ఇంట్లో నేనే ఈ టెస్టు పెట్టుకోవచ్చా?
— ఒక కూతురు, విశాఖపట్నం

సమాధానం: మిగతా సంగతుల కంటే ముందు, డోనెపెజిల్ ఆపకండి. ఎందుకో కింద చెబుతాం. అల్ప్రాజోలం సంగతి వేరు. దాన్ని మాత్రం డాక్టరు గారితో మాట్లాడి తీసేయాల్సిందే.

ఇప్పుడు ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని పైన ఏం రాసి ఉందో చూడండి. మొదటిదీ మూడోదీ ఎంఎంఎస్‌ఈ (మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్). జూన్‌ది మోకా (మాంట్రియల్ కాగ్నిటివ్ అసెస్‌మెంట్). రెండూ 30 మార్కులవే కావడంతో వచ్చిన చిక్కు ఇది. మార్కులు సమానమైనా ప్రశ్నలు సమానం కావు. ఎంఎంఎస్‌ఈని 1975లో తయారుచేశారు. అందులో తేలిక ప్రశ్నలు ఎక్కువ. మోకా 2005 నాటిది. ఎంఎంఎస్‌ఈకి చిక్కని తొలిదశ లోపాలను పట్టుకోవడానికే దాన్ని కావాలని కష్టంగా చేశారు. మూడు మాటల బదులు ఐదు గుర్తుపెట్టుకోవాలి, ఘనం బొమ్మ చూసి గీయాలి, అంకెనుంచి అక్షరానికి, మళ్లీ అంకెకు గీత కలుపుతూ పోవాలి. ఒకే మనిషికి ఒకే రోజు రెండూ పెడితే మోకాలో తక్కువ రావడం మామూలే. కాబట్టి 22 నుంచి 16కి 'పడిపోవడం' అనేది జరగనే లేదు. జూన్‌లో మీరు పడ్డ కంగారంతా రెండు వేర్వేరు టెస్టులను ఒకే వరసలో చూడటం వల్ల వచ్చింది. అలాంటప్పుడు ఇంటివాళ్లకు ఆ తేడా చెప్పాల్సింది టెస్టు పెట్టినవాళ్లే.

ఆ 16ను కూడా విడదీసి చూడండి. బొమ్మలు, గీతలు, గడియారం ఉన్న భాగంలో 5కి 1. జంతువుల పేర్లు 3కి 3. ఏకాగ్రత 6కి 4. భాష 3కి 1. పోలికలు చెప్పడం 2కి 1. ఐదు మాటలు గుర్తుచేసుకోవడం 5కి 0. తేదీ, చోటు 6కి 5. మొత్తం 15. పన్నెండేళ్లూ అంతకన్నా తక్కువా చదివినవారికి ఒక మార్కు కలపాలని మోకా నియమం, అలా 16 అయింది. ఐదో తరగతి తర్వాత పెన్ను పట్టని మనిషికి ఆ ఒక్క మార్కు ఏ మూలకు? ఘనం గీయలేకపోవడం జబ్బువల్లో, జీవితంలో ఎప్పుడూ గీయకపోవడంవల్లో ఆ కాగితం చెప్పలేదు. తక్కువ చదువుకున్నవారి కోసం మోకా బేసిక్ అని వేరే రూపం ఉంది. మీ అమ్మగారికి పెట్టాల్సింది అదే.

చదువు ప్రభావం ఎంతో తెలియాలంటే 1993లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద లెక్క చూడాలి. సామాన్య జనంలో తొమ్మిదేళ్లూ అంతకు మించీ చదివినవారికి ఎంఎంఎస్‌ఈ మధ్యస్థ మార్కు 29. ఐదు నుంచి ఎనిమిదేళ్లు చదివినవారికి 26. నాలుగేళ్లలోపు చదివినవారికి 22. అంటే బడి ముఖం పెద్దగా చూడని మనిషికి 22 వస్తే అది జబ్బు కాకపోవచ్చు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషికి 27 వచ్చినా నిశ్చింతగా ఉండలేం. '24 దాటితే బాగున్నట్టే' అని తమ్ముడి లాంటివాళ్లు ఇంటర్నెట్‌లో చూసి చెప్పే గీత అందరికీ ఒకచోట పడదు.

ఇక అసలు విషయం, ఆ 25. ఫిబ్రవరి, అక్టోబరు కాగితాలు రెండూ ఒకే టెస్టు, ఒకే చోట పెట్టినవి కాబట్టి వీటిని పోల్చవచ్చు. ఫిబ్రవరిలో తేదీ, చోటు ప్రశ్నలకు 10కి 7. మూడు మాటలు విని వెంటనే చెప్పడం 3కి 3. వంద నుంచి ఏడేసి తీసేయడం 5కి 4. కాసేపయ్యాక ఆ మూడు మాటలూ గుర్తుచేసుకోవడం 3కి 0. భాష, బొమ్మ కలిపి 9కి 8. మొత్తం 22. అక్టోబరులో అదే వరసలో 10, 3, 3, 2, 7. మొత్తం 25.

ఎక్కడ పెరిగింది? తేదీ, చోటులో మూడు, మాటలు గుర్తుచేసుకోవడంలో రెండు. మీరు రోజూ వల్లె వేయించినవి సరిగ్గా అవే. వల్లె వేయించని రెండు భాగాల్లో ఒక్కో మార్కు తగ్గింది. తీసివేతలో ఒకటి, 'కాగితం కుడిచేత్తో తీసుకుని, మధ్యకు మడిచి, ఒళ్లో పెట్టుకోండి' అన్న మూడంచెల పనిలో ఒకటి. ఒక మార్కు తగ్గుదలను పట్టుకుని జబ్బు ముదిరిందనలేం. పెరిగిన ఐదు మార్కులను మాత్రం ధైర్యంగా పక్కన పెట్టేయొచ్చు. ప్రశ్నపత్రం ముందే బయటికొచ్చిన పరీక్షలో వచ్చిన మార్కులవి. రెండుసార్లూ మామిడిపండు, కుర్చీ, నాణెం అనే మాటలే అడిగారు. నాలుగు నెలలు రోజూ చెప్పించిన మాట అలవాటుగా నోటికి వస్తుంది. ఆ అలవాటు, కొత్త సంగతిని పట్టి నిలుపుకునే శక్తి, రెండూ మెదడులో వేర్వేరు చోట్ల పనిచేస్తాయి. అల్జీమర్స్ మొదట దెబ్బతీసేది రెండోదాన్ని.

అందుకే ఆ మూడు మాటల ప్రశ్న అంత విలువైనది. ఫిబ్రవరి కాగితంలో వెంటనే చెప్పడం 3కి 3 ఉందంటే ఆమెకు మాటలు వినబడ్డాయి, అర్థమయ్యాయి, మనసు పెట్టారు. చెవి సమస్య అడ్డురాలేదు. తర్వాత కాసేపటికి ఒక్కటీ మిగల్లేదు. అంటే లోపల దాచుకోవడమే జరగలేదు. ఇక్కడ టెస్టు పెట్టేవారు ఒక అడుగు ముందుకెళ్లి చిన్న సాయం చేయాలి: 'వాటిలో ఒకటి పండు' అనడం, లేదా 'జామా, మామిడా, అరటా' అని మూడింటిలో ఎంచుకోమనడం. డిప్రెషన్ ఉన్నవారికీ, మెదడుకు రక్తప్రసరణ లోపంవల్ల మతిమరుపు వచ్చినవారికీ ఆ సాయం అందగానే చాలాసార్లు మాట దొరుకుతుంది. అల్జీమర్స్‌లో ఎక్కువగా దొరకదు, లేదా అసలు చెప్పని మాటను చెప్పారనుకుంటారు. ఈ సాయంతో వచ్చిన జవాబుకు మార్కు వేయరు. కానీ అది కాగితం మీద రాసి ఉండాలి. వచ్చేసారి 'సూచన ఇచ్చాక ఏం చెప్పారో కూడా రాయండి సార్' అని మీరే అడగండి.

మార్కులకంటే జవాబులు ముఖ్యమన్నది ఈ జబ్బు పేరు పుట్టిన నాటినుంచీ ఉన్న మాట. 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో అలోయిస్ అల్జీమర్ 51 ఏళ్ల ఆగుస్టె అనే ఆమెను పేరు అడిగితే 'ఆగుస్టె' అంది. ఇంటిపేరు అడిగితే మళ్లీ 'ఆగుస్టె'. భర్త పేరు అడిగితే 'ఆగుస్టె అనుకుంటా' అంది. ఆయన దానికి సున్నా వేసి ఊరుకోకుండా ప్రతి మాటా ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. నూరేళ్లు దాటాక కూడా ఆ కాగితం చదివితే ఆమె ఏ స్థితిలో ఉందో తెలుస్తోంది. '22/30' అని మాత్రమే రాసిన చీటీ ఆర్నెల్ల తర్వాత మీకే అక్కరకు రాలేదు.

వల్లె వేయించడం ఈరోజే మానేయండి. ఆమెకు దానివల్ల మేలు లేదు, పొద్దున్నే పరీక్ష హాలులా ఉంటుంది. తప్పు చెప్పినప్పుడల్లా మీ ముఖం చూసి తాను తప్పు చేశానని మాత్రం తెలుస్తుంది. అది గుర్తులేకపోయినా ఆ దిగులు రోజంతా ఉంటుంది. అంటే తేదీ గురించి మాట్లాడొద్దని కాదు. గోడకు పెద్ద అంకెల తెలుగు క్యాలెండరు తగిలించి, కాఫీ ఇచ్చేటప్పుడు 'ఈరోజు గురువారమమ్మా' అని మీరే చెప్పండి. అడగొద్దు. డాక్టరు గారికి మాత్రం వల్లె వేయించిన సంగతి దాచకుండా చెప్పండి. ఆయన ఆ 25ను పక్కన పెట్టి, వచ్చేసారి వేరే మాటలతో పెడతారు. మోకాకైతే మాటలూ బొమ్మలూ మార్చిన సమాన రూపాలు మూడు ఉన్నాయి. ఏది వాడారో కాగితం మీద ఉంటుంది.

తేదీ ప్రశ్నల్లో మన వాళ్లకు తగిలే చిక్కులు కొన్ని ఉన్నాయి. ఇంగ్లిషు తేదీతో ఎన్నడూ పని పడని పెద్దావిడ 'మార్గశిరం, దశమి' అని ఠక్కున చెబుతుంది. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి మార్గశిర గురువారాలు తప్పకుండా వెళ్లే మనిషికి ఆ నెల గుర్తుండటం గొప్ప సమాచారం. క్యాలెండరు చూసి తిథి సరిపోయిందో లేదో పోల్చాలి, సరిపోతే కాగితం మీద రాయాలి. దానికి మార్కు వేస్తారా లేదా అన్నది పరీక్షకుల నియమం. ఒకసారి వేసి ఒకసారి వేయకపోతే మాత్రం పోలిక చెడుతుంది. జిల్లా ప్రశ్న ఇంకోటి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అనకాపల్లిలో కూర్చుని 'విశాఖపట్నం జిల్లా' అనే పెద్దవాళ్లు బోలెడంతమంది. డెబ్బై ఏళ్లు నిజమైన జవాబది. ఎన్నో అంతస్తు అన్న ప్రశ్నకూ అంతే, చక్రాల కుర్చీలో లిఫ్టు ఎక్కించి తీసుకొచ్చిన మనిషిని అడిగితే ఏం చెబుతారు? లోపలికి వెళ్లేముందు 'మనం రెండో అంతస్తుకు వచ్చాం' అని చెప్పి పంపడం కూడా మోసమే, అలా చేయొద్దు. లిఫ్టు బయట అంకె కనబడేలా కాసేపు నిలబడనిస్తే చాలు.

తీసివేత ప్రశ్నను 'వందలోంచి ఏడు తీసేయండి' అని అడగడం ఒకటి, 'వంద రూపాయల్లో ఏడు రూపాయలు ఖర్చయితే ఎంత మిగులుతుంది' అనడం ఇంకొకటి. చిట్టీ నడిపిన మీ అమ్మగారికి రెండోది తేలిక. ఏదైనా ఫరవాలేదు, ప్రతిసారీ అదే ఉండాలి. లెక్కేసే పద్ధతిలోనూ పొరపాట్లు జరుగుతాయి. 93 బదులు 92 అని, తర్వాత 85 అన్నారనుకోండి. మొదటిది తప్పు, రెండోది ఒప్పు, ఎందుకంటే 92లోంచి ఏడు సరిగ్గానే తీశారు. కొందరు మొదటి తప్పు దగ్గరే ఆపేసి మిగతావాటికి సున్నా వేస్తారు. ఆ ఒక్క తేడాతో నాలుగు మార్కులు అటూ ఇటూ అవుతాయి.

టెస్టు రోజు సంగతి. మన దగ్గర మామూలుగా జరిగేదేమిటంటే, పొద్దున్న ఆరింటికే లేపి, ఫాస్టింగ్ షుగర్ కోసం పరగడుపున ఆటో ఎక్కించి, ఓపీ చీటీ వరసలో రెండు గంటలు నిలబెట్టి, పదకొండున్నరకు ఆకలితో, చెమటతో, ఒంటేలు ఆపుకుని కూర్చున్న మనిషికి జ్ఞాపకశక్తి టెస్టు పెడతారు. షుగర్ బిళ్ల వేసుకుని తిండి తినకపోతే చక్కెర పడిపోయి మాట తడబడుతుంది కూడా. రక్తపరీక్ష ఒకరోజు, ఈ టెస్టు ఇంకోరోజు పెట్టుకోండి. ఇడ్లీ తిని, కాఫీ తాగి, బాత్రూముకు వెళ్లి వచ్చాక పొద్దున పది ప్రాంతంలో అయితే మంచిది. సాయంత్రం వద్దు, ఈ జబ్బులో పొద్దువాలేసరికి గందరగోళం పెరుగుతుంది. కళ్లజోడు, పళ్లసెట్టు, వినికిడి మిషను ఉంటే అది, మూడూ పెట్టించి తీసుకెళ్లండి. అంతకుముందు వారంలో ఈఎన్‌టీ దగ్గర చెవిలో గుబిలి ఉందేమో చూపించండి. చెవి సరిగా వినపడకపోవడానికి ఎన్నోసార్లు అదే కారణం. పరీక్షకులు కుడివైపు కూర్చోవాలని చెప్పండి. గదిలో ఎదురుగా గడియారం, క్యాలెండరు లేకుండా చూడమనండి.

మీరు ఆమె పక్కన కూర్చోకండి, వెనక కూర్చోండి. అల్జీమర్స్ ఉన్నవారు ప్రశ్న అడగగానే జవాబు కోసం కూతురి వైపో భర్త వైపో తల తిప్పుతారు. అదీ ఒక లక్షణమే, డాక్టర్లు దాన్ని గమనిస్తారు. మీరు పెదాలు కదిపితే ఆ గుర్తు కూడా పోతుంది. దిగులుతో ఉన్నవాళ్లు అలా తిరగరు. నేల చూస్తూ 'ఏమో, తెలీదు' అని ఊరుకుంటారు, బతిమాలి సమయమిస్తే జవాబు చెబుతారు. రెండూ చీటీ మీద ఒకే సున్నాగా కనబడతాయి.

టెస్టు వాయిదా వేసుకోవాల్సిన సందర్భాలు: జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, వాంతులు విరేచనాలు, నాలుగురోజులుగా మలబద్ధకం, ఆపరేషన్ అయిన కొత్త, ఇంట్లో చావు. బీపీకి మూత్రం ఎక్కువ పోయించే బిళ్ల వేసుకునే పెద్దవాళ్లకు మన వేసవిలో ఒంట్లో సోడియం తగ్గి మతి తప్పుతుంది. మే నెలలో స్కోరు పడిపోతే ముందు సోడియం చూడమనండి. బి12, థైరాయిడ్ పరీక్షలు మీరు పంపిన కాగితాల్లో కనబడలేదు. చేయించకపోయి ఉంటే చేయించండి.

మందులు. మీరు సగం బిళ్ల వేస్తున్న అల్ప్రాజోలం కొత్త సంగతులు గుర్తుండకుండా చేసే మందే. దాని ప్రభావం మర్నాటి టెస్టు మీదా ఉంటుంది, రాత్రి లేచినప్పుడు కాలు తడబడి తుంటి విరిగే ప్రమాదమూ ఉంటుంది. నెలల తరబడి వేసి ఉంటే ఒక్కసారిగా ఆపినప్పుడు కంగారు, నిద్రలేమి, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. ఎలా తగ్గించాలో డాక్టరు గారు చెప్పాలి. ఇలాంటివే ఇంకొన్ని ఉన్నాయి: జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్, వణుకుకు ట్రైహెక్సీఫెనిడిల్, మూత్రం ఆగనందుకు ఆక్సీబ్యుటినిన్. డోనెపెజిల్ మెదడులో జ్ఞాపకానికి కావాల్సిన అసిటైల్‌కొలీన్ అనే రసాయనాన్ని నిలబెట్టాలని చూస్తే ఇవి దాని పనికి అడ్డుపడతాయి. డోనెపెజిల్ వల్లే కొందరికి మూత్రం ఆగదు. దానికని ఇంకో డాక్టరు ఆక్సీబ్యుటినిన్ రాస్తారు. రెండు బిళ్లలూ ఒకదాన్నొకటి చంపుకుంటుంటే ఇంటివాళ్లు డబ్బు కడుతుంటారు. ప్రతి డాక్టరుకూ బిళ్లల అట్టలన్నీ ఒక సంచిలో వేసి చూపించండి. పేర్లు నోటితో చెబితే షాపులో కొన్నవి మాత్రం తప్పిపోతాయి.

డోనెపెజిల్ ఎందుకు ఆపకూడదంటే, దాని పని మార్కులు పెంచడం కాదు. మొదట 5 మిల్లీగ్రాములు ఇచ్చి, సరిపడితే నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత 10కి పెంచుతారు. కొందరికి కాస్త తేరుకున్నట్టు ఉంటుంది, ఎక్కువమందికి పడిపోవడం కొంతకాలం నెమ్మదిస్తుంది, కొందరికి ఏమీ తెలియదు. మందు ప్రయోగాల్లో వాడే ఆడాస్-కాగ్ అనే టెస్టు 70 మార్కులది, అందులో మార్కు పెరిగితే జబ్బు పెరిగినట్టు. దాని మీద ఆర్నెల్లలో ఈ మందుకూ ఉత్తుత్తి బిళ్లకూ సగటు తేడా రెండు మూడు మార్కులే. చిన్న మేలే. అయినా ఆపేస్తే కొందరిలో ఉన్నది కూడా జారిపోతుంది, తిరిగి మొదలుపెట్టినా పూర్తిగా రాకపోవచ్చు. కాబట్టి '25 వచ్చింది' అన్నదీ కారణం కాదు, రేపు '20 వచ్చింది' అన్నదీ కారణం కాదు. తల తిరిగి పడిపోవడం, నాడి బాగా నెమ్మదించడం, ఆగని వాంతులు, బరువు తగ్గిపోవడం, ఇవి కారణాలు. వీటికి మాత్రం వెంటనే డాక్టరును కలవాలి.

మీ తమ్ముడికి చెప్పడానికి ఇంకో లెక్క. అల్జీమర్స్‌లో ఎంఎంఎస్‌ఈ సగటున ఏడాదికి మూడు మార్కుల దాకా తగ్గుతుంది. తొలిదశలో నెమ్మదిగా, మధ్యలో వేగంగా. అదే మనిషికి పరిస్థితి ఏమీ మారకపోయినా, రెండు వారాల తేడాతో పెడితే రెండు మూడు మార్కులు అటూ ఇటూ ఊగుతాయి. అంటే ఏడాదంతా వచ్చే మార్పూ, ఒక్కరోజు ఊగిసలాటా దాదాపు సమానం. అందుకే నెలనెలా టెస్టు పెట్టించి లాభం లేదు, ఆర్నెల్లకోసారి చాలు. ఒకసారి తగ్గితే గుర్తుంచుకోండి, రెండోసారీ అక్కడే ఉంటే నమ్మండి.

మీ కళ్లకు కనబడుతున్నదాన్ని టెస్టుకంటే తక్కువ చేసి చూడకండి. చిట్టీ లెక్క నోటిమీద నడిపిన మనిషి ఇప్పుడు ఏం చేయలేకపోతున్నారు అన్నది, ఆమెను ఆమెతోనే పోల్చే కొలత. అందులో చదువు అడ్డం రాదు. డాక్టర్లకు కూడా దీనికి పద్ధతి ఉంది. సీడీఆర్ అనే కొలతలో జ్ఞాపకం, తేదీ-చోటు తెలివిడి, నిర్ణయాలు, బయటి వ్యవహారాలు, ఇల్లు-ఇష్టాలు, సొంత శుభ్రత అనే ఆరు అంశాలను రోగినీ ఇంటివాళ్లనూ విడివిడిగా అడిగి 0, 0.5, 1, 2, 3 అని దశ చెబుతారు. మీరు ఇంట్లో రాసే నోట్సు దానికి ముడిసరుకు.

ఎలా రాయాలంటే, ఒక నోటుబుక్కు, ఒకే మనిషి చేతిరాత, నెలకు ఒకే తేదీన ఒక పేజీ. అవే ఆరు పనులు ప్రతినెలా: డబ్బు, వంట, బిళ్లలు, దారి, స్నానం-బట్టలు, మాట. ఒక్కోదానికి నాలుగు మాటల్లో ఒకటి: తానే, గుర్తుచేస్తే, చేయి సాయంతో, చేయలేదు. దాని పక్కన జరిగిన సంగతి ఒక్క వాక్యం. 'బాగా మర్చిపోతోంది' అని రాస్తే ఎవరికీ ఉపయోగపడదు. 'రైతుబజారులో రెండువందల నోటు ఇచ్చి, 85 రూపాయల కూరలకు చిల్లర ఎంత రావాలో చెప్పలేకపోయింది, చేతిలో పెట్టింది లెక్కపెట్టకుండా సంచిలో వేసుకుంది' అని రాస్తే డాక్టరుకు సగం పరీక్ష అయిపోయినట్టే. 'పులుసులో చింతపండు రెండుసార్లు వేసింది' అన్నా అంతే. 'సినిమా హాలు సందులోంచి ఇంటికి రావడం తెలియక ఎడమకు తిరిగింది', 'గంటలో నాలుగుసార్లు తమ్ముడు ఎప్పుడొస్తాడని అడిగింది'. నిద్ర, లేనివి కనబడటం, అనుమానాలు ఉంటే కింద రాయండి. ఆమె ముందు రాయకండి, ఆమె ముందు చదవకండి. జీవితంలో వంటింట్లోకి రాని మగవాళ్ల గురించి రాసేటప్పుడు వంట తీసేసి, వాళ్లు చేసిన పని ఏదైతే అది పెట్టుకోవాలి.

తమ్ముడు వీడియో కాల్‌లో పదినిమిషాలు చూసి 'బాగానే మాట్లాడుతోంది' అనడం కూడా అబద్ధం కాదు. పలకరింపు, మర్యాద, పాత కబుర్లు చాలాకాలం నిలుస్తాయి. ఎంఎంఎస్‌ఈలో భాషకు మార్కులు ఎక్కువ కావడంతో అదే పొరపాటు ఆ టెస్టూ చేస్తుంది. ఈసారి అతను వచ్చినప్పుడు మీరు రెండ్రోజులు బయటికి వెళ్లి అమ్మను అతనికి అప్పజెప్పండి.

ఏ టెస్టును పట్టుకోవాలి? మొదటి డాక్టరు గారి ఎంఎంఎస్‌ఈనే కొనసాగించండి, అదే తెలుగు రూపం, వీలైతే అదే మనిషి పెట్టాలి, మాటలు మాత్రం మార్చాలి. తక్కువ చదువుకున్నవారికి సరిపోయేలా మార్చిన రూపం హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో 1990ల్లో చేసిన అధ్యయనం నుంచి వచ్చింది. దాన్ని హెచ్‌ఎంఎస్‌ఈ (హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్) అంటారు. అందులో చదివి కళ్లు మూయమనే బదులు 'నేను చేసినట్టు చేయండి' అంటారు, వాక్యం రాయమనే బదులు మీ ఇంటి గురించి ఏదైనా చెప్పమంటారు. ఏడాదికోసారి కాస్త లోతైన పరీక్ష చేయించగలిగితే ఏసీఈ-3 (అడెన్‌బ్రూక్స్ కాగ్నిటివ్ ఎగ్జామినేషన్) మంచిది. 100 మార్కుల్లో 26 జ్ఞాపకానికే ఉంటాయి, తెలుగులో చదువు వచ్చినవారికీ రానివారికీ వేర్వేరు రూపాలున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారుచేయించిన పరీక్షల పెట్టె కూడా తెలుగులో ఉంది. పెట్టడానికి శిక్షణ పొందిన సైకాలజిస్టు, కనీసం గంట సమయం కావాలి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) న్యూరాలజీలోనో, చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనో ముందుగా అడిగి రోజు ఖాయం చేసుకుని వెళ్లండి. రద్దీ ఓపీ రోజున ఐదు నిమిషాల్లో ముగించే టెస్టు పెట్టించుకుని రావద్దు. మూడు ఆసుపత్రులు తిరిగి మూడు అంకెలు తెచ్చుకోవడం కంటే ఒకచోటే కుదురుగా చూపించుకోవడం మేలు.

ఇంట్లో మీరే టెస్టు పెట్టడం మాత్రం వద్దు. ప్రశ్నలు ఆమెకు అలవాటైపోతాయి, ఆసుపత్రి టెస్టు చెడిపోతుంది. కూతురు పరీక్షకురాలు కావడం ఆమెకూ మీకూ మంచిది కాదు. ఏదైనా చేయాలని ఉంటే నోటుబుక్కు రాయండి.

ఇంకొకటి. అల్జీమర్స్ నెలల్లో, ఏళ్లలో దిగజారుతుంది, రెండ్రోజుల్లో కాదు. నిన్నటిదాకా తిని తిరిగిన మనిషి ఇవాళ మత్తుగా పడుకుని ఉన్నా, మిమ్మల్ని గుర్తుపట్టకపోయినా, గోడ మీద పురుగులున్నాయని తీస్తున్నా, మాట ముద్దగా వస్తున్నా, ఒక పక్క చేయి లేవకపోయినా అది జబ్బు ముదరడం కాదు. ఇన్‌ఫెక్షన్, సోడియం, షుగర్, తలకు దెబ్బ, పక్షవాతం, వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది. అప్పుడు టెస్టు అపాయింట్‌మెంటు కోసం చూడకుండా, బిళ్లల సంచి పట్టుకుని నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. మామూలుగా ఎలా ఉండేదో అడిగితే, నోటుబుక్కులో పోయిన నెల పేజీ చూపించండి.